ఏ చెట్టుకూ హాని జరగలేదు

మా సంస్థ పని చెట్లు కొట్టడం. ఈ ముక్క ఇంత సూటిగా బయట చెప్పకూడదు. బోర్డు మీద మాత్రం ‘వనసంపద సద్వినియోగ సంస్థ, గుమ్మిడిగూడెం కలప డిపో’ అని ఉంటుంది. సద్వినియోగం అంటే గొడ్డలి. ఇరవై రెండేళ్ళుగా ఆ డిపోలో రికార్డు గుమాస్తాగా ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. నా పేరు పేర్రాజు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో చెప్పుకుంటారు. అబద్ధం. ముక్కు మీద కళ్ళజోడు ఉంటుంది, ఇంక కోపానికి చోటెక్కడ?

ఆ ఏడాది పై ఆఫీసుకి డాక్యుమెంటరీ పిచ్చి పట్టుకుంది. చేపల వాళ్ళు వలలు అల్లడం మీద ఆరు భాగాలు తీయించి టీవీలో వేయించుకున్నారట. కొబ్బరి వాళ్ళు పీచు మీద ఎనిమిది తీశారట. మనమేం తక్కువ తిన్నామా అని మా వాళ్ళు పదమూడు అన్నారు. పేరు ‘వనవీరులు’. కూపుల్లో, అంటే కొట్టడానికి గుర్తుపెట్టిన అడవి ముక్కల్లో, చెట్లు కొట్టే కూలీల పనిని ఉన్నదున్నట్టు చూపించాలి. అది సర్క్యులర్‌లో మొదటి పేరా. రెండో పేరాలో, ప్రతి భాగం చివరా తెర మీద ఒక వాక్యం తప్పనిసరిగా రావాలని ఉంది: ‘ఈ చిత్రీకరణలో ఏ చెట్టుకూ హాని జరగలేదు.’

రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. కాగితం పట్టుకుని మా డివిజనల్ అధికారి పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాను.

“సార్, చెట్లు కొట్టేవాళ్ళ మీద సినిమా. చెట్లకేమో హాని జరగకూడదు. ఎలాగండీ?”

పరాంకుశం గారు ఎవరితో మాట్లాడినా ఎదురుగా టైపిస్టు కూర్చున్నట్టే మాట్లాడతారు. ఇంట్లో కాఫీ అడిగినా అలాగే అడుగుతారని వాళ్ళావిడే మా ఆవిడతో అంది.

“పేర్రాజూ! రెండు పేరాల నడుమ వైరుధ్యము కలదని నీ భావన. రెండింటి కిందను ఉన్నది ఒకే సంతకము. ఒకే సంతకము కింద వైరుధ్యము ఉండుటకు అవకాశము లేదు. తగు ఏర్పాట్లు చేయుము.”

తగు ఏర్పాట్లు చేయడమంటే మా డిపోలో బాపిరెడ్డిని పిలవడమే. పల్లాల బాపిరెడ్డి మా కూపు మేస్త్రీ. అరవై దాటాయి. చెట్టు మొదట్లో నిలబడి ఒక్కసారి పైకి చూశాడంటే, అది ఏ వైపు, ఎంత దూరంలో పడుతుందో చెబుతాడు. కావాలంటే అక్కడ పుల్ల పాతుకోమంటాడు. చెట్టు వెళ్ళి ఆ పుల్ల మీదే పడుతుంది.

కానీ ఆ రోజు అతను నా దగ్గరికి వచ్చింది వేరే పని మీద. చేతిలో అర్జీ ఉంది. మూడేళ్ళుగా ప్రతి వేసవిలోనూ ఇచ్చే అర్జీయే. మా డిపో ఆవరణలో కూలీల పిల్లల కోసం ఒంటిగది బడి ఒకటి ఉంది. పెంకుటిల్లు. ఇరవై ఒక్క మంది పిల్లలు. ఆ బడి పక్కన పెద్ద మద్దిచెట్టు మూడేళ్ళ కిందట నిలువునా ఎండిపోయి, బడి కప్పు మీదికి వాలింది. ఆ ఇరవై ఒక్క మందిలో బాపిరెడ్డి మనవరాలు బుల్లెమ్మ కూడా ఉంది. రెండో తరగతి. సరిగ్గా ఆ వాలు కిందే కూర్చుంటుంది.

“బాబూ, ఈ వానాకాలం అది ఆగదండి. పన్నెండో తారీకున బడి తెరుత్తారు. ఈలోగా పడేసుకోనివ్వండి. ఓ పూట పని.”

అర్జీ లోపలికి పంపాను. సాయంత్రానికి ‘పరిశీలనలో ఉన్నది’ అని తిరిగొచ్చింది. మూడేళ్ళుగా పరిశీలనలోనే ఉంది. పరిశీలించడానికి మాత్రం ఎవరూ ఇంతవరకూ ఆ చెట్టు కిందికి రాలేదు.

*

జూన్ మొదటి వారంలో హైదరాబాద్ నుంచి దర్శకుడు ప్రద్యుమ్న దిగాడు. వెంట రెండు వ్యాన్లు, తొమ్మిది మంది మనుషులు, ఒక పెద్ద గొడుగు. కుర్రాడు మంచివాడే, కానీ అడవిని చూసి “లొకేషన్ బావుంది” అన్నాడు. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

జామాయిల్ తోటలో మొదటి షాట్. బాపిరెడ్డీ, అతని ముఠా ఏడుగురూ గొడ్డళ్ళు పట్టుకుని చెట్టు చుట్టూ నిలబడాలి. కొడుతున్నట్టు ఊపాలి. తగలకూడదు.

“యాక్షన్!” అన్నాడు ప్రద్యుమ్న.

ఎవరూ కదల్లేదు. ఎనిమిది మందీ ఆయన మొహం వంకే చూస్తున్నారు.

“యాక్షన్!”

ఊహూఁ. ముఠాలో ఒకడు ముక్కు గోక్కున్నాడు. ప్రద్యుమ్నకి విసుగొచ్చింది. కెమెరా ఆపించడానికి “కట్!” అని అరిచాడు.

మా కూపుల్లో ‘కట్’ అన్న మాటకి ఒకటే అర్థం. ముద్ర వేసిన చెట్టు దగ్గర గార్డు నిలబడి ‘కట్’ అంటే గొడ్డలి లేస్తుంది, అనకపోతే లేవదు. తాతల నాటి నుంచీ అదే లెక్క. ఆ మాట కోసమే వాళ్ళు అంతసేపూ కాచుకుని ఉన్నారు. ఎనిమిది గొడ్డళ్ళూ ఒక్కసారే లేచాయి.

“కట్! కట్!” అని దర్శకుడు గొంతు చించుకున్నాడు. ఇంత తొందరేమిటా అనుకుంటూ వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. బాపిరెడ్డి “పోతందొహో!” అని కేక పెట్టాడు. అదృష్టం బాగుండి అందరూ పక్కకి దూకారు. గొడుగు మాత్రం దూకలేకపోయింది.

పరాంకుశం గారు జీపులో వచ్చేసరికి పడిన చెట్టు చుట్టూ జనం మూగారు. కిందటి నెలలో మేం అదే తోటలో నాలుగు వందల చెట్లు కొట్టాం. అప్పుడు ఆయన జీపు దిగను కూడా లేదు. ఇప్పుడు టోపీ తీశారు.

“చిత్రీకరణలో చెట్టుకు హాని! పేర్రాజూ, ఇది హాని కాదని ధ్రువపత్రము అవసరము. తక్షణమే వైద్యుని పిలిపించుము.”

“చెట్టుకి వైద్యుడెవరండీ?”

“ప్రాణమున్న దానికి వైద్యుడుండును.”

చుట్టుపక్కల పది మైళ్ళలో ఉన్న వైద్యుడు ఒక్కరే, పశువుల డాక్టరు. పాపం, గేదె ఈనుతుంటే మధ్యలో వదిలేసి మోటారుసైకిల్ మీద వచ్చాడు. మోడునీ, మానునీ చూశాడు. నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. ఇరవయ్యేళ్ళ సర్వీసు ఉన్న మనిషి కాబట్టి ఇంకేమీ అడక్కుండా కూర్చుని రాశాడు: ‘రోగి నిలబడలేని స్థితిలో ఉన్నది. మొదలు వద్ద గాయము ఒకటి. ప్రాణాపాయము గురించి ఇప్పుడే చెప్పలేము. విశ్రాంతి అవసరము.’

పరాంకుశం గారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. విశ్రాంతి నిమిత్తం చెట్టుని మళ్ళీ మోడు మీద నిలబెట్టించారు. నాలుగు తాళ్ళతో కట్టించి, గాయానికి గోనెపట్టా చుట్టించారు. కాపలాకి ఒక వాచరుని వేశారు. పైకి నివేదిక వెళ్ళింది: ‘చెట్టు కోలుకొనుచున్నది.’

ఆ సాయంత్రమే మెమో పుట్టింది. నా చేతే రాయించారు.

‘ఇందుమూలముగా సమస్తమైన వారికి తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఈ డిపో పరిధిలో నోటిమాటయందును, దస్త్రములందును, ఉత్తర్వులందును “కట్” అను పదమునకు “ఆపుట” అని మాత్రమే అర్థము. పూర్వపు అర్థము రద్దు చేయడమైనది. ఉల్లంఘించిన వారిపై కఠిన చర్య గైకొనబడును.’

“ఉత్తర్వుల్లో కూడానాండీ?” అని అడిగాను. గుమాస్తా అడగవలసిన ప్రశ్న.

“ఉత్తర్వు అనగా సమగ్రముగా ఉండవలెను” అని సంతకం చేశారు.

మర్నాడు ముఠాకి శిక్షణ. నల్లబల్ల మీద ‘కట్’ అని రాసి, ఎదురుగా ‘ఆపు’ అని రాశారు. అరవయ్యేళ్ళ బాపిరెడ్డి చేతులు కట్టుకుని ఇరవైసార్లు అప్పజెప్పాడు. శిక్షణ విజయవంతమైందని పైకి రాస్తే, పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. పరాంకుశం గారు దానికి అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నారు.

*

ఇక నిజం చెట్ల జోలికి పోకూడదని తేలిపోయింది. షూటింగ్ అయ్యేవరకూ కూపుల్లో పని నిలిపేశారు. పనిచేసే కూలీల మీద చిత్రం కదా, అందుకని వాళ్ళ పని మాన్పించారు. రాజమండ్రి నుంచి లారీలో థర్మాకోల్ చెట్లు వచ్చాయి. ముప్ఫై. వాటిని దించి, అడవి మధ్యలో గుంటలు తీసి నిలబెట్టే పని ముఠాదే. షాట్‌కి షాట్‌కీ మధ్య పీకి ఇంకోచోట పాతాలి.

“ముప్పయ్యేళ్ళు సెట్లు పడగొట్టి లారీ ఎక్కించాం” అన్నాడు బాపిరెడ్డి, రెండు వేళ్ళతో ఒక మహావృక్షాన్ని ఎత్తి భుజాన వేసుకుంటూ. “ఇప్పుడు లారీలోంచి దింపి నిలబెడతన్నాం. తిక్కలోడు తిరనాళ్ళకెళ్తే ఎక్కా దిగా సరిపోయిందంట.”

తరవాత మేస్త్రీ పాత్రకి మనిషి కావలసి వచ్చాడు. బాపిరెడ్డి ఉన్నాడు కదా అన్నాను. ప్రద్యుమ్న న్యాయంగానే అతన్ని పరీక్షించాడు. గొడ్డలి పట్టుకోమన్నాడు, పట్టుకున్నాడు. నడవమన్నాడు, నడిచాడు. చెమట తుడుచుకోమన్నాడు.

“ఒళ్ళు పొడిగానే ఉంది కదండీ” అన్నాడు బాపిరెడ్డి.

“పట్టినట్టు అనుకుని తుడుచుకోవాలి.”

“పట్టకండా తుడుసుకుంటే ముఠావోళ్ళు నవ్వరాండీ?”

ప్రద్యుమ్న నన్ను పక్కకి పిలిచి, “బాధపడకండి సార్, మేస్త్రీలా లేడు” అన్నాడు. కాకినాడ నుంచి ఒక నటుణ్ణి రప్పించారు. కండలు తిరిగినవాడు, తెల్లటి పళ్ళు. తలకి ఎర్రగుడ్డ చుట్టారు. తెర మీద అతని పేరు కూడా బాపిరెడ్డే. అసలు బాపిరెడ్డిని అతనికి సలహాదారుగా వేశారు. సలహా ఏమిటంటే, అతను చెమట తుడుచుకుంటూ ఉంటే పక్కన నిలబడి తల ఊపడం. థర్మాకోల్ చెట్టు మీద అట్టగొడ్డలి పడగానే “మనం పర్వతాలమురా!” అని ఆ నటుడు అరిచాడు. మా ముఠా మొత్తం వెనక్కి తిరిగి చూసుకుంది, ఎవర్నంటున్నాడా అని.

*

పదో తారీకు శనివారం ఈదురుగాలి వీచింది. థర్మాకోల్ అడవిలో పదకొండు చెట్లు లేచిపోయి వాగులో పడ్డాయి. వాటిని వెతకడానికి పరాంకుశం గారు రెండు జట్లని పంపించారు. గాలి తగ్గాక బాపిరెడ్డి నా దగ్గరికి వచ్చాడు. చేతిలో అర్జీ, మొహంలో నెత్తురుచుక్క లేదు.

“బాబూ, మద్ది మొదట్లో నేల పగిలిందండి. బెత్తెడు. సెయ్యి పెడితే లోపలికి పోతంది. ఎల్లుండి బడి. మళ్ళీ గాలొత్తే ఆ సెట్టు పెంకుల మీదే. అక్కడే మా బుల్లెమ్మ...”

అతన్ని వెంటబెట్టుకుని నేనే లోపలికి వెళ్ళాను.

“వినతి అందినది” అన్నారు పరాంకుశం గారు. “అయితే చిత్రీకరణ జరుగుచున్నది. ఈ తరుణమున డిపోలో ఒక చెట్టు కూలినచో ఆఖరి వాక్యము అసత్యమగును. అసత్యము నేను సహించను.”

“పోనీ పిల్లల్ని ఇంకోచోట కూర్చోబెట్టిద్దామండీ” అన్నాను.

“బడి మన పరిధి కాదు, విద్యాశాఖది. చెట్టు వరకే మన పరిధి. చెట్టు పడిన పిమ్మట, పడినంత మేర వారి పరిధి.”

“పిల్లలండీ!” అన్నాను. గొంతు లేచింది.

ఆయన కలం తీశారు. అర్జీ తీసుకుని ఒక వాక్యం రాసి, సంతకం పెట్టి, తారీకు వేసి నా చేతికిచ్చారు. ఒక్క చూపు చూసి మడిచేశాను, అరగంట వరకూ మళ్ళీ విప్పలేదు. రికార్డు గదిలోకి పోయి బీరువా తలుపు దబీమని వేసి, ఉన్న తిట్లన్నీ తిట్టాను. లేనివి కొన్ని కల్పించాను కూడా. బాపిరెడ్డి గడప మీద కూర్చుని వింటున్నాడు.

“ఏం రాశారండీ?” అన్నాడు చివరికి.

“ఇంకేం రాస్తాడు? చెట్టు కట్ చేయరాదు అని...”

నోరు మూశాను. కాగితం మళ్ళీ చూశాను. ‘బడి ప్రక్కనున్న మద్దిచెట్టు ఎట్టి పరిస్థితులలోను కట్ చేయరాదు.’ తారీకు పది. మెమో తారీకు అయిదు.

“బాపిరెడ్డీ, కట్ అంటే ఏమిటి?”

“నరకడవండి.” వెంటనే నాలిక్కరుచుకున్నాడు. “కాదండి, కాదండి. ఆపడం. ఆపడవేనండి.”

“చెట్టు పడబోతోందా?”

“పడబోతందండి.”

“దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదని అధికారి గారి ఉత్తర్వు. అదుగో సంతకం.”

బాపిరెడ్డి కాసేపు కాగితం వంకే చూశాడు. చదవడం రాదు కాబట్టి నా మొహం కూడా చూశాడు. మెల్లగా లేచి పంచె ఎగ్గట్టాడు.

“అయితే ఆపమండి” అన్నాడు.

*

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ముఠా బడి దగ్గర చేరింది. అట్టగొడ్డళ్ళు కావు, ఇంట్లోంచి తెచ్చుకున్నవి. ఒకడు పైకెక్కి కొమ్మకి రెండు మోకులు బిగించి దిగాడు. బడి వైపు వాలిన చెట్టుని పక్కనున్న ఖాళీ జాగాలోకి తిప్పి పడెయ్యాలి. ఏమాత్రం తప్పినా కప్పు మీదే. బాపిరెడ్డి మాను చుట్టూ ఒకసారి తిరిగాడు. అరచేత్తో దాన్ని తట్టాడు. నోట్లో ఏదో అనుకున్నాడు. జాగాలో ఒకచోట పుల్ల పాతించాడు.

సరిగ్గా అప్పుడే ప్రద్యుమ్న కెమెరాతో సహా పరిగెత్తుకొచ్చాడు. ఆయన్ని చూసి నేను ఉత్తర్వు కాగితం పైకి తీశాను. ఆయన మాత్రం “అద్భుతం, రోల్ చెయ్యండి!” అన్నాడు.

అరగంట. గొడ్డలి దెబ్బ ఒకటి, ఆగడం, పైకి చూడడం, మళ్ళీ దెబ్బ. మోకుల దగ్గర ఏడుగురూ ఊపిరి బిగించి లాగుతున్నారు. బాపిరెడ్డి వీపంతా తడిసిపోయింది. తుడుచుకోలేదు. మాను మొదట్లో చిట్లిన చప్పుడు వినిపించగానే “పోతందొహో!” అన్నాడు. చెట్టు ఒక్క క్షణం బడి వైపే ఊగింది. నా ప్రాణం కాస్తా ఆ పెంకుల మీదికి వెళ్ళి కూర్చుంది. తరవాత చెట్టు మెల్లగా తిరిగి, జాగాలోకి ఒరిగి, నేల అదిరేలా పడింది. పుల్ల కనబడలేదు. మాను కిందికి పోయింది.

బడి కప్పు మీద ఒక్క పెంకు కదల్లేదు. బాపిరెడ్డి అక్కడే చతికిలబడి ఏడ్చాడు. నేను కూడా కళ్ళజోడు తీశాను, దుమ్ము పడిందని.

ప్రద్యుమ్న కెమెరాలో చూసుకుని పెదవి విరిచాడు.

“బావుంది గానీ సార్, సహజంగా లేదు. ఎవ్వరూ డైలాగ్ చెప్పలేదు, ఒకళ్ళూ చెమట తుడుచుకోలేదు.” బాపిరెడ్డి వైపు తిరిగి, “పెద్దాయనా, ఇంకొక్కసారి చేస్తారా?” అన్నాడు.

*

సోమవారం పొద్దున్నే పిలుపు వచ్చింది. పరాంకుశం గారు కిటికీలోంచి బడినీ, బడి మీద కొత్తగా కనబడుతున్న ఆకాశాన్నీ చూస్తున్నారు.

“పేర్రాజూ! ఎవరి ఉత్తర్వు మేరకు?”

“తమరిదేనండి.” మెమో ఒక పక్క, అర్జీ ఒక పక్క పెట్టి, మధ్యలో నా నోట్ పెట్టాను. ‘మెమో ప్రకారము కట్ అనగా ఆపుట. ఉత్తర్వు ప్రకారము చెట్టు కట్ చేయరాదు. కావున చెట్టును ఎవరును ఆపలేదు. పడుటలో దానికి ఇబ్బంది కలుగకుండ మాత్రము చూడడమైనది.’

ఆయన మూడుసార్లు చదివారు. మెమో రద్దు చేద్దామా అన్నట్టు కలం తీశారు. మెమో రద్దయితే శిక్షణ రద్దు. శిక్షణ రద్దయితే మెచ్చుకోలు రద్దు. గోడ మీద అద్దం వంక చూశారు. కలం మూత పెట్టి, మళ్ళీ తీసి రాశారు: ‘ఉత్తర్వులను తుచ తప్పక అమలు పరచినందులకు సిబ్బందిని అభినందించడమైనది.’

“మరి ఆఖరి వాక్యమో?” అన్నారు, నాతో మొదటిసారి మామూలు మనిషి గొంతుతో.

“అది ఎండిపోయి మూడేళ్ళయిందండి. దానికి జరగవలసిన హాని పరిశీలనలో ఉండగానే జరిగిపోయింది.”

*

దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం ఉదయం ‘వనవీరులు’ మొదటి భాగం వచ్చింది. డిపో టీవీని బడిలో పెట్టారు. ముఠా, ఆడవాళ్ళు, ఇరవై ఒక్క మంది పిల్లలు, అందరూ ఆ పెంకుల కిందే కూర్చున్నారు. కాకినాడ బాపిరెడ్డి తెల్లటి పళ్ళతో నవ్వాడు, చెమట తుడుచుకున్నాడు, పర్వతాలమురా అన్నాడు. థర్మాకోల్ చెట్టు పడి, నేల మీద రెండుసార్లు ఎగిరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అసలు బాపిరెడ్డి ఎక్కడా కనబడలేదు. ఆదివారం నాటి మద్దిచెట్టు షాటు సహజంగా లేదని తీసేశారు.

చివర్లో తెల్లటి అక్షరాలు వచ్చాయి. బుల్లెమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ తాతకి చదివి వినిపించింది.

“ఈ... చిత్... చిత్రీకరణలో... ఏ చెట్టుకూ... హాని... జరగలేదు.” వెనక్కి తిరిగింది. “బడికో, తాతా?”

బాపిరెడ్డి తలెత్తి కప్పు వంక చూశాడు.

“బడిక్కూడా జరగలేదమ్మా” అన్నాడు. “అదొక్కటే రాయడం మర్సిపోయారు.”